పదివేల ఉత్తరాల్లో ఒకటి

ఆ వానాకాలం నేను మూడు వందల పన్నెండు ఉత్తరాలు రాశాను. మూడు వందల పదకొండు ముక్కూ మొహం తెలియని సైనికులకు. ఒకటి నా చిన్నకూతురికి. అదీ సైన్యంలోనే ఉంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ అక్షరాలు వంకర పోతున్నాయి. ముసలితనం అనుకునేరు. కోపం.

నాది ఇస్త్రీ పని. వీధివైపు గదిలో బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, నీళ్ళ గిన్నె, మడతపెట్టిన బట్టలు చుట్టి ఇవ్వడానికి పాత పేపర్ల కట్ట. బడి మొహం నేను చూడలేదు. ఆ పాత పేపర్ల మీదే అక్షరాలు నేర్చుకున్నాను. చొక్కా చుట్టే ముందు పెద్దక్షరాలు, చుట్టాక మిగిలిన అంచు మీద చిన్నక్షరాలు. సగం వార్త చదివేసరికి మిగతా సగం ఎవరి చొక్కాతోనో వెళ్ళిపోయేది. ముప్పై ఏళ్ళు అలా సగం సగం చదివి, చివరికి మొత్తం చదవడం, రాయడం వచ్చాయి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని వీధిలో పేరు.

నాకో జబ్బుంది. ఎవరైనా ప్రయాణమైతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. మా అమ్మ నన్ను మేనత్త ఇంట్లో దింపి, సాయంత్రానికి వస్తానని చెప్పి వెళ్ళింది. రాలేదు. నా భర్త చేతిసంచితో పనికని వెళ్ళాడు. సంచి ఒక్కటే వచ్చింది. అప్పట్నించీ గడప దాటే మనిషిని చూస్తే గుండెల్లో రాయి పడుతుంది. ఏడవడం చేతకాక తగువు పెట్టుకుంటాను. తిట్టి పంపిస్తే కనీసం తిరిగొచ్చి బదులు చెబుతారని ఏదో పిచ్చి నమ్మకం.

చిన్నది కిందటేడు సెలవు అయిపోయి వెళ్తున్న పొద్దున కూడా అదే చేశాను. దాని ట్రంకుపెట్టె ఎందుకంత బరువుగా ఉందని మొదలుపెట్టి, ఎక్కడికో పోయాను. వీధంతా వింటుండగా, "పో. మళ్ళీ ఈ గడప తొక్కకు. నువ్వు లేవనుకుని బతుకుతాను" అన్నాను. అది బూటు తాళ్ళు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు. రెండో బూటు తాడు కూడా కట్టుకుని, పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. పది నెలలు దాని దగ్గర్నించి ఒక్క ముక్క లేదు.

వానలు మొదలైన వారానికి ఉత్తరం వచ్చింది. మా వీధికి ఉత్తరాలు పంచేది ఆడమనిషే. పోస్టమ్మ అంటాం. గొడుగు నాకు పట్టి, తాను తడుస్తూ అందించింది. "పిన్నీ, నీ కూతురి చేతిరాతే. ముందు కూర్చో, తర్వాత చదువు" అంది.

చిన్నది ఎప్పుడూ నాలుగు ముక్కలే రాస్తుంది.

"అమ్మా, నాకు సెలవు మంజూరైంది. నువ్వు రమ్మంటే వస్తాను. నెలాఖరున కొండ మీద కాపలా కాసే పై చౌకీకి వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుంటారు. అక్కడికి ఎక్కితే మంచు కరిగేదాకా, ఆరేడు నెలలు, దిగడం కుదరదు. నెలాఖరులోగా నీ ఉత్తరం రాకపోతే నా పేరిస్తాను. మామయ్య కొట్టుకి ఫోన్ చేయొచ్చు గానీ చేయను. ఫోనులో నీ నోటికి హద్దుండదు. కాగితం మీదైతే ఆలోచించి రాస్తావు."

మామయ్య అంటే పక్కకొట్టు దర్జీ. నాకు వరసకు తమ్ముడు. మా రెండు గదులకీ మధ్య ఒక గోడే. అతని కొట్లోనే ఫోనుంది. వాళ్ళు చేస్తే మనం మాట్లాడాలి తప్ప, సరిహద్దులో ఉన్నవాళ్ళకి మనం చేయడానికి వీల్లేదు.

ఒక్క ముక్క రాయాలి. రా, అని. ఆ ఒక్క ముక్కకి నాకు పదకొండు రోజులు పట్టింది. వానాకాలం ఇస్త్రీకి తీరిక ఉండదు. ఎవరింట్లోనూ బట్టలు ఆరవు, పచ్చిపచ్చిగా తెచ్చి పడేస్తారు. చొక్కా మీద పెట్టె పెడితే పొగలా ఆవిరి లేస్తుంది. ఆ ఆవిర్లోనే రాసేదాన్ని, కొట్టేసేదాన్ని. మొదటిసారి రాసింది చదువుకుంటే క్షమించమన్నట్టుంది. నేను తల్లిని, నాకేం ఖర్మ అని చింపేశాను. రెండోది తిట్టినట్టుంది. మూడోది బతిమాలినట్టుంది. నాలుగోసారి మాత్రం అనుకున్నది అనుకున్నట్టు వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మైకాయన వచ్చాడు. మా పేట సంఘానికి అధ్యక్షుడు. మైకు చేతికొస్తే వదలడని ఆ పేరు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు.

"పెద్దమ్మా! మన పేట నుంచి సైనికులకి పదివేల కృతజ్ఞతా ఉత్తరాలు పంపిస్తున్నాం. ఏ పేటా చేయని పని! రాయడం రానివాళ్ళందరికీ మీరే రాసిపెట్టాలి. మీ అక్షరాలు ముత్యాలు."

"ఎవరికి రాయాలి బాబూ?"

"సైనికులకి!"

"ఏ సైనికులకి? పేరుండాలి కదా."

"పేర్లెందుకు పెద్దమ్మా? సంచిలోంచి ఏది ఎవరి చేతికొస్తే వాళ్ళదే. భావం ముఖ్యం."

ముత్యాలన్నాడు కదా, పడిపోయాను. ఎంత వయసొచ్చినా పొగడ్త అంటే ఇంత నోరు తెరుస్తాం. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళంతా బల్ల దగ్గర నిలబడి చెప్పేవాళ్ళు, నేను రాసేదాన్ని. మా దర్జీ తమ్ముడు చెప్పింది ఇది: "అయ్యా, మీకు నా నమస్కారాలు. మీ దగ్గర ఖాళీలుంటే చెప్పండి, నేనూ వస్తాను. మా ఆవిడ పోరు కన్నా శత్రువు పోరే నయం."

మైకాయన ప్రతి ఉత్తరం చదివి సంచిలో వేసేవాడు. తమ్ముడిది చూసి మొహం ముడుచుకున్నాడు. "హాస్యాలు వద్దు. ప్రశ్నలు వద్దు. ఏడుపులు అసలే వద్దు. వాళ్ళ ధైర్యం సడలిపోతుంది. ఇదిగో, ఇలా రాయండి" అని ఒక కాగితం ఇచ్చాడు. "మీరు మేలుకొని ఉండబట్టే మేము హాయిగా నిద్రపోతున్నాం. మీకు శతకోటి కృతజ్ఞతలు." ఇక అందరికీ అదే. మూడు వందల సార్లు రాశాను, హాయిగా నిద్రపోతున్నామని. నాకు నిద్ర పట్టి పది నెలలు.

నా నాలుగో ఉత్తరం కవరులో పెట్టి, చిన్నదాని పేరు, నంబరు, దళం అన్నీ రాసి బల్ల మీద పెట్టుకున్నాను. అప్పటికి నెల సగమైంది. పోస్టులో తొమ్మిది పది రోజులు పడుతుంది. పోస్టమ్మ వచ్చింది. "ఇలా ఇవ్వు పిన్నీ, ఈ పూటే సంచిలో వేస్తాను" అంది.

అక్కడే కూర్చుని ఉన్న మైకాయన నవ్వాడు. "పోస్టా? వానలకి వంతెన తెగిందని వినలేదా? ఎల్లుండి మన దగ్గరికి సైన్యం లారీ వస్తోంది. మూడో రోజుకల్లా సరిహద్దులో ఉంటుంది. మీది సొంత ఉత్తరమైనా సరే, మీరింత శ్రమపడ్డారు కాబట్టి మన సంచిలో వేయనిస్తాను. మీకు మాత్రమే సుమా."

"వంతెన తెగితే చుట్టూ తిరిగి వెళ్తుంది పిన్నీ. ఒక రోజు ఆలస్యం. అంతే" అంది పోస్టమ్మ.

ఒక రోజు ఆలస్యం అన్న మాట ఒక్కటే నాకు వినబడింది. ఆ ఒక్క రోజే పోతే? ఆ రోజే పేర్లు రాసుకుంటే? భయపడే మనిషికి ఇంగితం ఎక్కడుంటుంది! ఎండా వానా అనకుండా ఇరవై ఏళ్ళుగా మా వీధిలో తిరిగిన మనిషిని కాదని, మైకుని నమ్మాను. కవరు తీసుకెళ్ళి నా చేత్తో నేనే సంచిలో వేశాను. మైకాయన దాన్ని తెరవలేదు, చదవలేదు. ఆ మాట మాత్రం నిజం చెప్పాలి. పోస్టమ్మ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఇక రోజులు లెక్కపెట్టడం. మూడో రోజు, అందుంటుంది. నాలుగో రోజు, చదువుకుని ఉంటుంది. ఆరో రోజు, సెలవు చీటీ రాయించుకుని ఉంటుంది. దాని దుప్పటి ఉతికి ఆరేశాను. ఆరలేదు, ఇస్త్రీ చేశాను. మళ్ళీ చెమ్మగిల్లితే మళ్ళీ చేశాను. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. వీధి మలుపులో బూట్ల చప్పుడైతే చాలు, పెట్టె బట్ట మీదే వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఒకాయన చొక్కా వీపు మీద పెట్టె ఆకారం అచ్చు పడింది. ఆయన మంచివాడు, ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

కొత్త నెల రెండో వారంలో కార్డు వచ్చింది. పోస్టమ్మ ఈసారి కూర్చోమని కూడా అనలేదు. కార్డు కదా, చదివే ఉంటుంది.

"అమ్మా, నీ మనసు తెలిసింది. పై చౌకీకి పేరిచ్చాను. రేపు ఎక్కుతున్నాం. ఆరోగ్యం చూసుకో."

ఆ 'తెలిసింది' అన్న మాట మీదే నా చూపు నిలిచిపోయింది. ఏం తెలిసింది దీనికి? నేను రాసింది చదివి కూడా ఎక్కిందా? అంత రాయి పెట్టుకుందా గుండెల్లో? ఆ రోజంతా దాన్ని తిట్టాను. బల్లని తిట్టాను, బొగ్గుల్ని తిట్టాను. సాయంత్రమయ్యేసరికి నా ఉత్తరాన్నే అనుమానించాను. నాలుగోది సరిగ్గా రాయలేదేమో, రమ్మన్న మాటే మర్చిపోయానేమో అని. నా రాత మీద నాకే నమ్మకం పోయింది.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. పేట సంఘం హాల్లో వేదికకి తెర కుట్టమంటే కొలతలకి వెళ్ళొచ్చాడట. మెడలో టేపు అలాగే ఉంది. దాని కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఏంట్రా? తెరకి గుడ్డ చాలదా?"

"అక్కా, నువ్వు కేకలేయనంటే ఒకటి చెబుతాను."

"వేస్తాను. చెప్పు."

"ఆ ఉత్తరాల సంచులు... హాల్లోనే ఉన్నాయి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ సంచులు?" అన్నాను.

"పదివేలవీ. వేదిక వెనకాల గోడలా పేర్చి రంగు కాగితాలు అంటించారు. రేపు సభ. పెద్ద అతిథి ఎవరో వచ్చి జెండా ఊపితే అప్పుడు లారీ కదులుతుందట. ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడిందట."

బొగ్గులు ఆర్పానో లేదో గుర్తులేదు. ఎప్పుడూ మూడుసార్లు చూసుకునేదాన్ని. బల్ల మీద తమ్ముడు పెట్టిన కత్తెర తీసుకుని వాన్లోనే నడిచాను. "అక్కా, కత్తెర! అది గుడ్డల కత్తెరక్కా!" అంటూ వెనకాలే పరిగెత్తాడు.

హాల్లో మైకాయన మైకు పరీక్షిస్తున్నాడు. వన్ టూ త్రీ అంటున్నాడు.

"రండి పెద్దమ్మా, రండి! రేపు ముందు మీ పేరే పిలుస్తున్నాం. మూడు వందల ఉత్తరాలు రాసిన తల్లి అని."

"లారీ ఏది?"

"లారీదేముంది, ఎప్పుడంటే అప్పుడొస్తుంది. అతిథిగారికి తీరిక దొరకొద్దూ?"

"ఎల్లుండి అన్నారు మీరు. నెల దాటింది."

"అన్నాను. ఆయనకి జలుబు చేసింది. ఆయన జెండా ఊపకుండా పంపిస్తే మర్యాదగా ఉంటుందా?"

జలుబు. నా కూతురు మంచుకొండ ఎక్కి కూర్చుంది, వీడెవడికో జలుబు.

"అందులో నా కూతురికి రాసిన ఉత్తరం ఉంది. నెలాఖరులోగా అందకపోతే అది పైకి వెళ్ళిపోతానంది. వెళ్ళిపోయింది."

మైకాయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. అప్పుడు ఒక్క మాట, 'అయ్యో' అన్నా నేను వెనక్కి వచ్చేదాన్నేమో. కానీ చేతిలో మైకుంది. దాన్ని కిందికి దించకుండానే అన్నాడు. హాలంతా మోగింది. "పెద్దమ్మా, ఒక్క ఇంటి సంగతి కాదు ఇది. పదివేల మంది ప్రేమ. మీరు వీరమాత. వీరమాతలు ఇంత చిన్న విషయానికి..."

"నువ్వు నోరు ముయ్."

అంతవరకూ మీరు అన్న నోటితోనే అన్నాను. మైకు నా మాట కూడా అందుకుంది. హాలంతా అదీ మోగింది.

"చిన్న విషయమా? ఏ సైనికుడికిరా నీ ప్రేమ? పేరు లేని వాడికి, ఊరు లేని వాడికి! పేరున్న పిల్లకి రాసిన ఒక్క ఉత్తరాన్ని నీ వేదికకి గోడ కట్టుకున్నావు. నాకే అబద్ధం చెప్పావు!"

"అబద్ధం కాదు పెద్దమ్మా, ఆలస్యం..."

నేను వినలేదు. వేదికెక్కి మొదటి సంచి మూతి కోశాను. ఉత్తరాలు జలజలా రాలాయి. రెండోది కోశాను. మూడోది తమ్ముడు అందుకున్నాడు. "గుడ్డల కత్తెర మొద్దుబారిపోతుంది, ఇలా ఇవ్వక్కా" అని తానే కోశాడు. మైకాయన కుర్రకారుని పిలుద్దామని అటూ ఇటూ చూశాడు గానీ, ఇస్త్రీ ముసలమ్మ చేతిలోంచి ఉత్తరాలు లాక్కున్నాడన్న మాట రేపు సభకి ముందే పేటంతా తిరుగుతుందని తోచినట్టుంది, ఆగిపోయాడు.

నేలమీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. ఆ కుప్పల్లో మూడు వందల కవర్ల మీద రాత నాదే. గుండ్రటి అక్షరాలు కనబడగానే గుండె ఆగేది, తీసి చూస్తే "వీర సైనికునికి". ఇంకొకటి, "వీర సైనికునికి". నా చేతిరాతే నాకు అడ్డుపడింది. కవరు తర్వాత కవరు, నేనే రాసిన అబద్ధం. మేము హాయిగా నిద్రపోతున్నాం. ఒక్కొక్కటీ పక్కకి విసిరేశాను. ఎంతసేపైందో తెలియదు. తమ్ముడు ఎదురుగా కూర్చుని, పేరున్న కవరు కోసం చూస్తున్నాడు. మైకాయన కూడా చివరికి మైకు పక్కన పెట్టి ఒక కుప్ప ముందు వంగాడు. వంగితే వంగాడు. నేను అతని మొహం చూడలేదు.

అయిదో సంచి అడుగున దొరికింది. తడవలేదు. ఎలుకలు ముట్టలేదు. మూల కూడా నలగలేదు. తడిసి ముద్దయినా బాగుండేది, అరిగి చిరిగినా బాగుండేది, ఎక్కడికో వెళ్ళడానికి ప్రయత్నించిందనుకునేదాన్ని. నా బల్ల మీద ఎలా పెట్టానో అలాగే ఉంది.

లేచాను. మోకాళ్ళు పట్టేశాయి. తమ్ముడు చెయ్యిచ్చాడు.

"ఇవన్నీ ఎవరు ఏరతారు పెద్దమ్మా?" అన్నాడు మైకాయన. గొంతులో మైకు లేదు.

"నువ్వే. ఏరి, మైకు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువు. హాయిగా నిద్రపోతున్నామని పదివేలసార్లు చెప్పు. అప్పుడైనా నీకు సిగ్గుతో నిద్ర పట్టకుండా ఉంటే బాగుంటుంది."

తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళాను. పోస్టమ్మ బల్ల వెనకాల ముద్రలు వేస్తోంది. కవరు ఇచ్చాను. తీసుకుని నా మొహం చూసింది. నన్ను క్షమించమని ఆమెని అడగాలి. నా నోటికి ఆ మాట రాదు.

"పై చౌకీకి ఉత్తరాలు వెళ్తాయా?"

"దారి మూసుకునేదాకా అడపాదడపా వెళ్తాయి పిన్నీ. మాట ఇవ్వలేను."

"ఇవ్వకు. మాటలిచ్చేవాళ్ళతో విసిగిపోయాను."

పోస్టమ్మ కవరు మీద ముద్ర వేసింది. ఎప్పటికన్నా గట్టిగా వేసినట్టనిపించింది.

మర్నాడు సభ జరిగింది. నా పేరు పిలిచారట. నేను నా బల్ల దగ్గర చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. లౌడ్‌స్పీకర్లో అంతా వినబడింది. అతిథి జెండా ఊపాడు. చప్పట్లు కొట్టారు. లారీ మాత్రం నాలుగు రోజుల తర్వాత వచ్చిందని తమ్ముడు చెప్పాడు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున తమ్ముడి కొట్లో ఫోన్ మోగింది. గోడ అవతల అతని గొంతు. "బాగుందమ్మా... ఆ, బాగానే ఉంది... పిలవొద్దా? ఎందుకొద్దు?" నేను పెట్టె పక్కన పెట్టాను. ఈసారి పక్కనే పెట్టాను. "నువ్వు ఫోన్ చేశావని కూడా చెప్పొద్దా? అదేంటి చిన్నమ్మాయీ, మీ అమ్మేగా..."

నేను వెళ్ళి ఫోను లాక్కున్నాను.

"ఎవరినడిగి ఎక్కావే కొండ?"

అవతల గాలి చప్పుడు. ఎవరో వెనక నుంచి నిమిషాలు చెబుతున్నారు.

"అమ్మా..."

"ఉత్తరం రాకపోతే దారిలో పోయిందేమో అనుకోవాలి! అమ్మ వద్దనుకుంది అనుకుంటావా? నీ మనసు తెలిసిందని రాస్తావా నాకు? ఏం తెలుసే నీకు నా మనసు?"

"నువ్వు రాశావా?"

దాని గొంతు చిన్నప్పటి గొంతులా ఉంది. నాకింకా కోపం వచ్చింది.

"రాశాను! మూడుసార్లు చింపి నాలుగోసారి రాశాను! ఆ మైకు వెధవ జెండా కోసం గోడ కట్టాడు, నేనే తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను, నాకు బుద్ధి లేక! ఇప్పుడు నీకు ఎప్పుడందుతుందో ఆ మంచుకే తెలియాలి!"

"ఏమని రాశావమ్మా?"

కొట్లో బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. తమ్ముడు కుట్టుమిషను ఆపేశాడు. వీధిలోంచి ఎవరో తొంగిచూస్తున్నారు. ఏడాది కిందట నేను తిట్టినప్పుడు విన్నవాళ్ళే అందరూ.

"ఏమని రాస్తాను? రమ్మని రాశాను! రమ్మని! మంచు కరిగితే మర్నాడే బయల్దేరు, తెలిసిందా? ఈసారి వెళ్ళేటప్పుడు నేను తిడితే తిట్టనీ. నువ్వు మాత్రం రా! వినబడుతోందా? రమ్మంటున్నాను!"

గాలి. దూరంగా ఎవరో నవ్వినట్టు. తర్వాత అది ముక్కు ఎగబీల్చిన చప్పుడు, అది మాత్రం స్పష్టంగా.

"అరవకమ్మా. వినబడుతోంది."

అయినా నేను ఆపలేదు. లైను తెగేదాకా అరుస్తూనే ఉన్నాను.